ఆఫ్రికన్ పొయెట్రీ, అనాన్సే కథలు, లిటరరీ టర్మ్స్: ఏడో క్లాసు పిల్లకి ఇంట్లో ఎలా చెప్పాలి?

టెమా_అమ్మ:

అందరికీ నమస్తే. మేము ఘనాలో టెమాలో ఉంటాం. మావారికి ఇక్కడ స్టీల్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. పాప తెనాలిలో ఆరో తరగతి అయ్యాక ఇక్కడికి వచ్చి జేహెచ్ఎస్ వన్‌లో చేరింది. మన ఏడో తరగతి అనుకోండి. లెక్కలు, సైన్సు బాగానే లాక్కొస్తోంది. ఇంగ్లీషు దగ్గరే టెన్షన్.

ఈ టర్మ్ అంతా ఆఫ్రికన్ పొయెట్రీ, ఫోక్ టేల్స్ అట. మేడమ్ నోట్సులో రెండు పేజీల టర్మ్స్ రాయించారు: సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, పర్సోనా, మూడ్, టోన్, సింబల్, ఐరనీ, డర్జ్, ట్రిక్‌స్టర్... మా పాప అన్నీ బట్టీ కొట్టేసింది. అర్ధరాత్రి లేపి మెటఫర్ అంటే ఏంటని అడిగినా గడగడా చెప్తుంది. పద్యంలో అదెక్కడుందో చూపించమంటే మాత్రం నా మొహం చూస్తుంది. మొన్న క్లాస్ టెస్టులో అలంకారం పేరు రాసి, దాని ఎఫెక్ట్ ఏంటో రాయమన్నారు. పేర్లు మాత్రం రాసి వచ్చింది. సగం మార్కులు పోయాయి.

పద్యాలు రెండు: డేవిడ్ డియోప్ రాసిన 'ఆఫ్రికా', గేబ్రియల్ ఒకారా రాసిన 'పియానో అండ్ డ్రమ్స్'. కథల్లో అనాన్సే అనే సాలీడు. క్లాసులో పిల్లలందరికీ అనాన్సే ఇంట్లో మనిషే, నానమ్మలు చెప్పిన కథలే. మా పిల్లకి మాత్రం అది సిలబస్. అది దానికి బాధగా ఉంది, పైకి చెప్పదు.

పైగా వచ్చేవారం ఒక్కొక్కరూ తమ ఇంటి కథ ఒకటి క్లాసులో చెప్పాలి. ఇది తెనాలి రామకృష్ణుడి కథ చెప్తానంటోంది. ఏడు చేపల కథ చెప్పవే అంటే "అది ఎల్‌కేజీ పిల్లలకి" అంటోంది. నేను తెలుగు మీడియం, డిగ్రీ బీకాం. టెన్త్‌లో అలంకారాలు చదువుకున్నది తప్ప సాహిత్యం పెద్దగా తెలియదు. ఎలా చెప్పాలో కాస్త దారి చూపించండి.

హైదరాబాదీ_99:

యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి కదండీ. పద్యం పేరు కొట్టి సమ్మరీ అని వెతకండి.

టెమా_అమ్మ:

చూశామండి. సమ్మరీ వచ్చింది, మార్కులు రాలేదు.

బాపట్ల_మాస్టారు:

అమ్మా, నేను రిటైర్డ్ ఇంగ్లీషు టీచర్ని. ఎనభైల్లో ఉత్తర నైజీరియాలో, కానో దగ్గర ఒక సెకండరీ స్కూల్లో పనిచేశాను. 1976లో ఆ దేశం అందరికీ ప్రాథమిక విద్య అని మొదలుపెట్టాక పిల్లలు వరదలా వచ్చిపడ్డారు, టీచర్లు చాల్లేదు. మన దేశం నుంచి చాలామందిమి వెళ్ళాం. ఒకారానీ డియోప్‌నీ అక్కడే పాఠం చెప్పాను. చెప్పాను అనేకన్నా, ఆ పిల్లల దగ్గరే సగం నేర్చుకున్నాను అనాలి.

మీకు అలంకారాలు గుర్తున్నాయన్నారు కదా, మీ పాపకి కావలసిన సామగ్రి మీ దగ్గరే ఉంది. ఉపమాలంకారానికి మనకి నాలుగు అంగాలు చెప్పారు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఇంగ్లీషు నోట్సులో "లైక్, యాజ్ వాడితే సిమిలీ, వాడకపోతే మెటఫర్" అని రాయించి వదిలేస్తారు. అంటే ఉపమావాచకం ఒక్కటే చూడమంటున్నారు. మార్కులున్నది సమానధర్మంలో. ఎఫెక్ట్ రాయండి అని వాళ్ళు అడిగేది చాలావరకు అదే. ఈ రెండిటికీ పోలిక ఎక్కడ కుదిరింది, ఇంకో వస్తువు పెడితే ఏం పోతుంది?

డియోప్ పద్యంతో చూడండి. చివర్లో ఒక గంభీరమైన గొంతు జవాబు చెప్తుంది: అదిగో ఆ చెట్టు, తెల్లగా వాడిపోయిన పూల మధ్య ఒంటరిగా నిలబడ్డ ఆ లేత చెట్టు, అదే నీ ఆఫ్రికా అని. 'లాగా' అనలేదు, 'అదే' అంది. కాబట్టి రూపకం. ఇంతవరకు మీ పాప రాసే ఉంటుంది. ఇక్కడ ఆపకుండా మీరు వరసగా అడగండి. చెట్టే ఎందుకు? కొండ అనొచ్చుగా, సింహం అనొచ్చుగా? చెట్టయితే నరికినా మళ్ళీ చిగురిస్తుంది. ఓపిగ్గా, మొండిగా పెరుగుతుంది అని ఆ పద్యమే చెప్తోంది. చుట్టూ ఉన్న పూలు తెల్లవే ఎందుకయ్యాయి, ఎందుకు వాడిపోయాయి? ఈ పద్యం ఉన్న పుస్తకం 1956లో వచ్చింది. అప్పటికి డియోప్ వాళ్ళ సెనెగల్ ఇంకా ఫ్రాన్స్ చేతిలోనే ఉంది, స్వతంత్రం 1960లో. ఏడో క్లాసు పిల్ల ఆ తెలుపు ఎవరిదో తనే పట్టేస్తుంది. తర్వాత పండ్లు. వాటికి స్వేచ్ఛ రుచి వస్తోందట, కానీ ఆ రుచి చేదు అన్నాడు. తియ్యన అని ఎందుకు అనలేదు? దీనికి ఒకే జవాబు లేదు. పిల్ల తన మాటల్లో రెండు వాక్యాలు రాస్తే ఏ టీచరైనా మార్కులు వేస్తారు.

పర్సోనా కూడా ఇక్కడే చెప్పేయండి. పద్యంలో మాట్లాడే మనిషి "నిన్ను నేనెప్పుడూ ఎరగను" అని ఆఫ్రికాతో అంటాడు. డియోప్ 1927లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టాడు. తండ్రిది సెనెగల్, తల్లిది కామెరూన్. పద్యంలో ఆఫ్రికా గురించి పాడేది ఒక నానమ్మ, ఎక్కడో దూరాన నది ఒడ్డున. అందుకని పద్యంలో 'నేను' అంటే అచ్చంగా డియోప్ అనే రాయమని కాదు. మాట్లాడేవాడు ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నాడు, ఎంత దూరం నుంచి మాట్లాడుతున్నాడు అని మూడు ప్రశ్నలు వేసుకోమనండి. ఆ దూరం మీ పాపకి బాగా తెలుసు. తెనాలి నుంచి టెమా వచ్చిన పిల్ల కదా.

ఇక ఒకారా. అమ్మా, ఈ పద్యాన్ని కళ్ళతో చదివించకండి. మా కానో పిల్లలకి మొదటిసారి నేను అర్థాలు రాయించి చెప్పాను, క్లాసంతా నిద్ర. మర్నాడు ఒక కుర్రాడు వెనక బెంచీ మీద వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టాడు, పక్కవాడు అందుకున్నాడు. సరే కానివ్వండిరా అన్నాను. డోలు వచ్చే భాగం ఒకడు చదువుతుంటే మిగతావాళ్ళు బెంచీలు వాయించారు. దూకబోయే చిరుత, బల్లేలు పట్టి పొంచి ఉన్న వేటగాళ్ళు, తల్లి ఒళ్ళో పాలు తాగే పసివాడు, అన్నీ ఆ దెబ్బ మీద ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. తర్వాత పియానో భాగం వచ్చింది. అక్కడ మాటలే మారిపోతాయి. కన్చెర్టో, డిమినుయెండో, కౌంటర్‌పాయింట్, క్రెషెండో... ఇవన్నీ కాగితం మీద రాసుకుని వాయించే సంగీతంలోని మాటలు. బెంచీ మీద వేళ్ళు ఆగిపోయాయి. ఎవరూ ఆపమనలేదు, వాయించడానికి వాటంగా లేదంతే. నేను నోరు తెరవకుండానే కాంట్రాస్ట్ అనే పాఠం అయిపోయింది. ఆ పియానో కూడా వాక్యం మధ్యలో, కత్తిమొన మీద ఆగిపోతుంది. చివరికి మాట్లాడే మనిషి నది ఒడ్డున పొద్దుటి మంచులో దారి తెలియక రెండు శబ్దాల మధ్యా తిరుగుతుంటాడు. మూడ్ అడిగితే ఆ మంచు చూపించమనండి. సింబల్ అడిగితే డోలు అంటే పుట్టిన నేల, పియానో అంటే బయటి నుంచి వచ్చిన చదువూ బతుకూ అని రాయొచ్చు. కానీ ఒకటి మంచిది, ఇంకోటి చెడ్డది అని రాయనివ్వకండి. ఒకారా అలా తీర్పు చెప్పలేదు. నైజర్ డెల్టాలో ఇజా జాతివాడు, ఇంగ్లీషులోనే రాసేవాడు, రెండూ ఆయనవే.

రిపిటిషన్ గురించి మన పిల్లలు "కవి నొక్కి చెప్పడానికి" అని ఒకటే రాస్తారు. అన్ని చోట్లా అది కుదరదు. నోటితో చెప్పే సాహిత్యంలో మళ్ళీ మళ్ళీ వచ్చే మాట వినేవాళ్ళు అందుకోవడానికి. బుర్రకథలో కథకుడు ఒక ముక్క చెప్పగానే వంతలు 'తందాన తాన' అంటారు కదా. అది నొక్కి చెప్పడమా? కాదు, కథ అందరి చేతుల్లోకీ వెళ్ళడం. ఇంగ్లీషులో దాన్నే కాల్ అండ్ రెస్పాన్స్ అని రాయిస్తారు.

కథల సంగతి రాత్రికి రాస్తాను. మందులు వేసుకునే టైమైంది.

ఎంఏ_ఇంగ్లిష్_వరంగల్:

మాస్టారూ, చాలా బాగా చెప్పారు, కానీ ఒక మాట. ఆఫ్రికన్ పొయెట్రీ అనగానే అంతా డోలు, నోటి పాట, ఊరి రచ్చబండ అని పిల్లలకి పడిపోయే ప్రమాదం ఉంది. డియోప్ ఫ్రెంచి చదువు చదివిన కవి, నెగ్రిట్యూడ్ ఉద్యమం వాడు, అంటే నల్లజాతి సంస్కృతిని గర్వంగా చెప్పుకున్న ఉద్యమం. ఆ ఉద్యమం 1930ల్లో పారిస్‌లో సెంఘోర్, సెజేర్, డమా అనే ముగ్గురు నల్లజాతి విద్యార్థుల చుట్టూ పుట్టింది. వాళ్ళలో సెంఘోర్ తర్వాత సెనెగల్‌కి మొదటి అధ్యక్షుడయ్యాడు. వాళ్ళవి అచ్చులో చదువుకునే పద్యాలు. అందులోనూ ఆఫ్రికా ఒక దేశం కాదు, అక్కడి కవులందరూ ఒకేలా రాయరు.

పర్సోనాకి ఇంకో మంచి ఉదాహరణ ఉంది. 'అబికు' అనే పేరుతో నైజీరియా కవులిద్దరు, సోయింకా ఒక పద్యం, జె.పి. క్లార్క్ ఒక పద్యం రాశారు. పుట్టి చనిపోయి మళ్ళీ అదే తల్లికి పుట్టే బిడ్డ అనే, అక్కడి యోరుబా జాతివాళ్ళ నమ్మకం మీద రెండూ. సోయింకా పద్యంలో ఆ బిడ్డే మాట్లాడుతుంది, పొగరుగా. క్లార్క్ పద్యంలో ఇంట్లోవాళ్ళు ఆ బిడ్డతో మాట్లాడతారు, ఇక వచ్చి ఉండిపో అని. పేరు ఒకటే, గొంతు వేరు. పద్యం మొత్తం అర్థం కాకపోయినా, ఎవరు మాట్లాడుతున్నారన్నది పన్నెండేళ్ళ పిల్ల పట్టుకోగలదు.

బాపట్ల_మాస్టారు:

అమ్మాయ్, నువ్వన్నది నేను కాదనను. పెద్ద క్లాసులో అయితే నెగ్రిట్యూడ్‌తోనే మొదలుపెడతాను. ఏడో క్లాసు పిల్లకి మాత్రం ముందు చెవి, తర్వాత చరిత్ర. అబికు ఉదాహరణ బాగుంది. నేనైతే పన్నెండేళ్ళ పిల్లకి పసిబిడ్డల చావు పద్యం ఇవ్వను, అది నా చాదస్తం.

ఇప్పుడు కథలు. టెమా అమ్మా, అనాన్సే గురించి పాప తెలుసుకోవలసిన మొదటి కథ, అసలు కథలన్నీ అతనివి ఎలా అయ్యాయి అన్నది. కథలన్నీ ఆకాశదేవుడు న్యామే దగ్గర ఉండేవి. అనాన్సే వెళ్ళి కొనుక్కుంటానన్నాడు. న్యామే చెప్పిన వెల: కొండచిలువ, చిరుత, కందిరీగలు, కంటికి కనపడని మోటియా అనే అడవి చిట్టిమనిషి. ఇవన్నీ పట్టి తేవాలి. పెద్ద పెద్ద రాజ్యాలకే చేతకానిది సాలీడు చేసింది. కొండచిలువ దగ్గరికి కర్ర పట్టుకెళ్ళి "నువ్వు పొడుగా, ఈ కర్ర పొడుగా" అని గొడవపెట్టి, కొలుస్తానని కర్ర పక్కన పడుకోబెట్టి కట్టేశాడు. కందిరీగల గూటి మీద నీళ్ళు చల్లి, తన నెత్తిన అరటాకు కప్పుకుని, "వాన వస్తోంది, ఈ సొరబుర్రలో దూరండి" అన్నాడు. మోటియాని జిగురు పూసిన బొమ్మతో పట్టాడు. ఆర్. ఎస్. రాట్రే 1930లో అచ్చువేసిన, ఘనాలోని అశాంతి అనే జాతివాళ్ళ కథల్లో ఇది ఉంది. అందులో నాకు నచ్చేదేమిటంటే, ఉపాయాలు చెప్పేది అనాన్సే భార్య ఆసో. పేరు మాత్రం మొగుడికొచ్చింది. మీ పాపకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి, క్లాసులో చెయ్యెత్తి అడుగుతుంది.

నేను ఉన్న హౌసా ప్రాంతంలోనూ సాలీడే కథానాయకుడు. పేరు గిజో, భార్య కోకి. యోరుబాలకీ ఇగ్బోలకీ ఆ పని తాబేలు చేస్తుంది. ట్రిక్‌స్టర్ అంటే ఇలాంటి జిత్తులమారి పాత్రే. డెఫినిషన్ వల్లించడం కంటే, ఇతను ఎప్పుడు గెలుస్తాడు, ఎప్పుడు బోర్లాపడతాడు అని రెండు కథలు పక్కపక్కన పెట్టండి. రెండో కథకి జ్ఞానం కుండ తీసుకోండి. లోకంలోని తెలివంతా అనాన్సే ఒక కుండలో పోగుచేసి, ఎవరికీ దక్కకూడదని చెట్టు మీద దాచబోతాడు. కుండ పొట్టకి కట్టుకున్నాడు, ఎక్కడం చేతకావట్లేదు. కింద నుంచి కొడుకు ఎన్‌టికుమా "నాన్నా, వీపుకి కట్టుకోరాదూ" అంటాడు. తెలివంతా నా దగ్గరే ఉందనుకున్నవాడికి చిన్నపిల్లాడు తెలివి చెప్పాడు. కోపంతో కుండ జారవిడిస్తే లోకమంతా చెల్లాచెదురైంది. ఐరనీ అనే మాటకి ఇంతకన్నా మంచి పాఠం నేను చూడలేదు.

కథ ఎత్తుగడ కూడా చూడండి. అశాంతి కథకుడు "మేము చెప్పబోయేది నిజమని మేమనడం లేదు, అనడం లేదు" అని మొదలుపెడతాడు. అయిపోయాక "ఇది నా కథ, తియ్యగా ఉన్నా లేకపోయినా కొంత పట్టుకెళ్ళండి, కొంత నాకు తిరిగి రానివ్వండి" అన్నట్టు ముగిస్తాడు. హౌసాలో కథకుడు "ఇదిగో వచ్చింది" అంటే పిల్లలు "రానీ, విందాం" అని అరుస్తారు. మన అనగనగా, మన ఊఁ కొట్టడం, మన కథ కంచికి మనం ఇంటికి, అన్నీ ఇదే పని చేస్తాయి. ఘనాలో ఇంకో సరదా ఉంది. కథ మధ్యలో వినేవాడు ఎవరో లేచి "ఆగాగు, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నా" అని పాట ఎత్తుకుంటాడు. దాన్ని మ్మోగువో అంటారు. నాటక రచయిత్రి ఎఫువా సదర్లాండ్ ఆ పద్ధతిని తన 'ద మ్యారేజ్ ఆఫ్ అనాన్సెవా' నాటకంలోకి తీసుకొచ్చింది. మన బుర్రకథలో హాస్యం చెప్పే వంత మధ్యలో అడ్డుపడి నవ్వించినట్టే ఉంటుంది.

అందుకని నా ఓటు ఏడు చేపలకే. తెనాలి రామకృష్ణుడి కథ బాగానే ఉంటుంది, ట్రిక్‌స్టర్ అని పేరూ పెట్టొచ్చు. కానీ రాయలవారు ఎవరు, ఆస్థానం అంటే ఏమిటి అని చెప్పేసరికే పాప టైమంతా అయిపోతుంది. ఏడు చేపల్లో చేప, గడ్డిమోపు, ఆవు, అవ్వ, చీమ, అన్నీ ఘనా పిల్లలకి తెలిసినవే. పైగా ఒకదాన్ని పట్టుకుని ఒకటి వచ్చే ఇలాంటి కథని ఇంగ్లీషులో క్యుములేటివ్ టేల్ అంటారు. ఆ మాట పాప నోటి నుంచి వస్తే మేడమ్ సంతోషిస్తారు.

కంపాలా_సూర్యాపేట:

మేము ఉగాండాలో ఉంటాం. మా పెద్దమ్మాయి ఓకోట్ ప బిటెక్ రాసిన 'సాంగ్ ఆఫ్ లవీనో' చదువుతోంది. 1966లో ఇంగ్లీషులో వచ్చింది, అంతకుముందు అచోలి భాషలో రాశాడు. చదువుకున్న మొగుడు ఓచోల్ తెల్లవాళ్ళ పోకడలు పోతుంటే పల్లెటూరి భార్య లవీనో దులిపేస్తుంది. సవతి మొహం మీద పౌడర్ని కూడా వదలదు. టోన్ అంటే ఏంటో మా అమ్మాయికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. మా అత్తగారు మావయ్యగారిని తిట్టే పద్ధతిలో చదివి వినిపిస్తే ఒక్కసారికి ఎక్కింది. ఎగతాళి, కోపం, వెనకాల ప్రేమ, మూడూ ఉన్నాయి అంది. మీ పాప కాస్త పెద్దయ్యాక చదివించండి.

టెమా_అమ్మ:

మాస్టారూ, మీకూ అందరికీ చాలా థాంక్స్. సమానధర్మం అని నిన్న కూర్చోబెట్టి అడిగితే, చెట్టు గురించి ఒక పేజీ రాసింది. చేదు ఎందుకంటే "ఫ్రీడమ్ కోసం చాలామంది చచ్చిపోయారు కదా" అంది. నేను ఏమీ చెప్పలేదు, అదే అంది.

ఏడు చేపలకి ఒప్పుకుంది, ఆసో కథ విన్నాక మూడ్ మారింది. రెండు సందేహాలు. ఒకటి, కథ మొత్తం ఇంగ్లీషులో చెప్పాలా, మధ్యలో తెలుగు ఉండొచ్చా? చీమ మాట, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అన్నది ఇంగ్లీషులో చెప్తే చప్పగా ఉంది. రెండు, టర్మ్స్‌లో డర్జ్ అని ఉంది, చావు పాట అట. అది ఎలా చెప్పాలి?

బాపట్ల_మాస్టారు:

తెలుగు ఉండాలి. చీమ మాట తెలుగులోనే చెప్పించండి, వెంటనే అర్థం ఇంగ్లీషులో చెప్పమనండి. "చేపా చేపా ఎందుకెండలేదు?" అన్నది మొదలుపెట్టే ముందే క్లాసుకి నేర్పేయాలి. పాప ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి నిలబడినప్పుడల్లా క్లాసంతా అడగాలి, గడ్డిమోపునీ ఆవునీ కూడా. రెండోసారికల్లా వాళ్ళే అందుకుంటారు. మధ్యలో ఎవరైనా లేచి "ఆ రోజు నేనూ అక్కడే ఉన్నా" అని పాట ఎత్తుకుంటే పాపని కంగారు పడొద్దనండి, అది వాళ్ళ మర్యాద. పాట అయ్యేదాకా ఆగి మళ్ళీ అందుకోవాలి.

డర్జ్‌కి మీ ఘనా కవే ఉన్నాడు, కోఫీ అవూనోర్. వోల్టా ప్రాంతంలో ఎవే జాతివాడు, వాళ్ళ నానమ్మ చావు పాటలు పాడేది. 'సాంగ్స్ ఆఫ్ సారో' అనే పద్యం ఆ పాటల బాణీలోనే రాశాడు. అందులో ఎవరో ఒక్కరు పోయారని ఏడవడం ఉండదు. నా రాత ఇలా రాశాడు, అడవి ముళ్ళ మధ్యకి తెచ్చి వదిలాడు, ఇంటి కంచె కూలింది, అటు వెళ్ళినవాళ్ళకి మా గోడు చెప్పండి అని సాగుతుంది. మన ఊళ్ళలో ఆడవాళ్ళు శోకాలు పెట్టేటప్పుడు పోయినవాళ్ళని పేరుపెట్టి పిలిచి, తమ కష్టాలన్నీ వరసగా చెప్పుకుంటారు కదా, అదే. 2013 సెప్టెంబరులో నైరోబీలో ఒక సాహిత్య పండగకి వెళ్ళి, వెస్ట్‌గేట్ మాల్ మీద జరిగిన దాడిలో ఆయన పోయారు. ఆ సంగతి పాపకి ఇప్పుడే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

పరీక్షలో డర్జ్ గురించి రాసేటప్పుడు ఎవరి కోసం ఏడుస్తున్నారు, ఎవరిని పిలుస్తున్నారు, ఏ మాట మళ్ళీ మళ్ళీ వస్తోంది, ఈ మూడూ పద్యంలోంచి వెతికి రాయమనండి. లైన్ నంబరు వేయడం మర్చిపోవద్దనండి, దిద్దేవాళ్ళకి వెతుక్కునే ఓపిక ఉండదు.